ఉమ్మి చుక్కలో వెలుగు వేట

చంటిబిడ్డ పెదవి దాటి జారితే చొంగ. చింతకాయను చూడగానే ఊరితే నోట్లో నీళ్లు. బయటికి వదిలితే ఉమ్మి. కంచానికి అంటితే ఎంగిలి. పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి లాలాజలం. ఒక్క ద్రవానికి మన భాషలో ఇన్ని పేర్లు! ఈ ద్రవంలో రోగం తాలూకు ప్రొటీన్లు కూడా ఉంటాయి. వాటిని వెలుగు సాయంతో గుర్తుపట్టే పరికరాలే ఆప్టికల్ బయోసెన్సర్లు. సూది గుచ్చకుండా, నెత్తురు తీయకుండా జబ్బును మొగ్గలోనే పట్టుకోవాలన్న ఆశ వాటిని నడిపిస్తోంది. ఆ ఆశ ఎలా పుట్టింది, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ చిక్కుపడుతోంది... ఆ విశేషాలే ఇవి.

రోజుకు ఎంత ఊరుతుంది?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దాదాపు అంతా మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. అందులో 99 శాతం నీరే. లవణాలు, జిగురు, అన్నాన్ని అరిగించే ఎంజైములు, సూక్ష్మక్రిములతో పోరాడే ప్రొటీన్లు అన్నీ మిగిలిన ఆ ఒక్క శాతంలో సర్దుకుంటాయి. రోగం ఆనవాళ్లను వెతకాల్సిందీ అక్కడే. దీన్ని తయారుచేసేవి మూడు జతల పెద్ద గ్రంథులు, వాటికి తోడు పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందల కొద్దీ చిన్న గ్రంథులు. చెవుల ముందున్న జత అన్నిటికన్నా పెద్దది. పిల్లలకు గవదబిళ్లలు లేచినప్పుడు వాచేది అదే.

గొర్రె తలలో దొరికిన దారి

ఆ పెద్ద గ్రంథి నుంచి ఉమ్మి నోట్లోకి ఏ దారిన వస్తుంది? 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీల్స్ స్టెన్‌సెన్ అనే డెన్మార్క్ యువకుడు గొర్రె తలను కోసి పరిశీలిస్తూ ఆ సన్నని నాళాన్ని కనుక్కున్నాడు. ఇప్పటికీ దానికి అతని పేరే. ఇదే మనిషి తర్వాత కొండల్లోని రాతి పొరలను చదివి, అడుగు పొర ముందుదనీ పై పొర తర్వాతిదనీ సూత్రం చెప్పాడు. అలా భూగర్భశాస్త్రానికీ ఆద్యుడయ్యాడు. అద్దం ముందు నోరు తెరిచి, పై దవడలో వెనక పళ్ల ఎదురుగా బుగ్గ లోపలి వైపు చూడండి. చిన్న బుడిపెలా కనిపించేదే స్టెన్‌సెన్ నాళం వాకిలి.

నెత్తురు కబురు నోటికి

లాలాజల గ్రంథుల చుట్టూ సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. రక్తంలోని కొన్ని ప్రొటీన్లు ఆ వలలోంచి వడకట్టుకుని నోట్లోకి చేరతాయి. చిగుళ్ల అంచుల నుంచి ఊరే ద్రవం మరికొన్నిటిని తెస్తుంది. 2008లో అమెరికా పరిశోధకులు పెద్ద గ్రంథుల ఉమ్మిని జల్లెడపట్టి 1,166 ప్రొటీన్ల జాబితా తయారుచేశారు. వాటిలో చెప్పుకోదగ్గ భాగం రక్తంలోనూ కనిపించేవే. నోటిని ఒంటికి అద్దం అంటున్నది అందుకే. అయితే రక్తం నుంచి వచ్చే ప్రొటీన్లు ఉమ్మిలో ఎన్నో రెట్లు పలచబడి ఉంటాయి. అద్దం ఉంది గానీ బొమ్మ మసకగా పడుతుంది. ఆ మసకలో చూడగల కన్ను కోసమే ఇంత శ్రమ.

కళ్లె వేరు, ఉమ్మి వేరు

క్షయ అనుమానం వస్తే ఆసుపత్రిలో చిన్న డబ్బా ఇచ్చి, గట్టిగా దగ్గి కళ్లె తెమ్మంటారు. చాలామంది అందులో ఉమ్మి తెచ్చిస్తారు. కళ్లె ఊపిరితిత్తుల లోతు నుంచి దగ్గితే పైకి వచ్చేది. ఉమ్మి నోట్లో ఊరేది. క్షయ క్రిమి కోసం ఉమ్మిని చూస్తే ఉన్న జబ్బు కూడా లేనట్టు తేలవచ్చు. నోటి పరీక్షలు పెరిగేకొద్దీ ఏ పరీక్షకు ఏది ఇవ్వాలో తెలియడం మరీ ముఖ్యం.

బియ్యం నమిలించిన తీర్పు

ఉమ్మిని సాక్ష్యం అడగడం కొత్త కాదు. మన ప్రాచీన ధర్మశాస్త్రాల్లో ‘తండుల దివ్యం’ అనే పరీక్ష ఉంది. దొంగతనం మోపబడినవాడి చేత బియ్యపు గింజలు నమిలించి ఉమ్మించేవారు. ఉమ్మిలో నెత్తురు కనిపించినా, ఒళ్లు వణికినా దోషి. భయం వేస్తే నోరెండిపోతుంది. తడి లేని నోట్లో గట్టి గింజలు చిగుళ్లను గీరతాయి. ఇంతవరకు శరీరధర్మం నిజమే. కానీ భయం దొంగకు ఎంతో, నింద పడ్డ నిర్దోషికీ అంతే. ఎన్ని అమాయక ప్రాణాలు ఆ గింజలకు బలయ్యాయో! నేటి రోగపరీక్షకూ ఇదే గండం. జబ్బు ఉన్నవాణ్ని పట్టుకోవడం సగం పనే. లేనివాణ్ని వదిలిపెట్టగలగడం మిగతా సగం.

పట్టే చెయ్యి, చెప్పే నోరు

ఏ బయోసెన్సర్‌కైనా రెండు భాగాలుంటాయి. ఒకటి కావలసిన ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే చెయ్యి. రెండోది పట్టుకున్న సంగతి మనకు చెప్పే నోరు. ఎక్కువ పరికరాల్లో చెయ్యి పని యాంటీబాడీ చేస్తుంది. తాళంలో దాని తాళంచెవే పట్టినట్టు, యాంటీబాడీకి దాని జోడు ప్రొటీనే అతుకుతుంది. ఆ అతుకు పడగానే రంగు మారడమో, మెరుపు పుట్టడమో, వెలుగు వంగే తీరు మారడమో జరిగితే అది ఆప్టికల్ బయోసెన్సర్. అంటే ఇక్కడ చెప్పే నోరు వెలుగుది.

పేటెంటు లేని చెయ్యి

ఒకే అచ్చులో పోసినట్టుండే యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ కనుక్కున్నారు. యాంటీబాడీ తయారుచేసే కణాన్ని, చావు లేకుండా పెరిగే కేన్సర్ కణంతో కలిపేయడం అందులోని కిటుకు. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. ప్రపంచంలో ఏ మూల ప్రయోగశాలలోనైనా ఎవరైనా వాడుకోగలిగారు. ఇవాళ మందుల దుకాణంలో దొరికే గర్భ పరీక్ష పట్టీలో కూడా ఆ పద్ధతి ఫలమే ఉంది.

బంగారం ఎర్రగా ఉంటుందా?

ఉంటుంది, తగినంత చిన్నదైతే. కొన్ని పదుల నానోమీటర్ల సైజు బంగారు రేణువులు నీళ్లలో తేలుతుంటే ఆ నీళ్లు కెంపు రంగులో మెరుస్తాయి. నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లో వంతు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 4వ శతాబ్దపు రోమన్ గాజు పాత్ర ఒకటుంది. పేరు లైకర్గస్ గిన్నె. ముందు నుంచి వెలుగు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. గాజులో కలిసిపోయిన బంగారం, వెండి సూక్ష్మరేణువులే కారణం. చేసినవాళ్లకు రేణువుల సంగతి తెలియదు, చేతి విద్య మాత్రం తెలుసు.

1857లో మైకేల్ ఫారడే ఈ ఎరుపుకు కారణం బంగారం అతి సన్నని రేణువులుగా విడిపోవడమేనని వివరించాడు. ఆయన చేత్తో తయారుచేసిన కెంపు ద్రవం లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది.

పట్టీ మీద ఎర్ర గీత

ఇంట్లో వాడే గర్భ పరీక్ష పట్టీల్లో, కోవిడ్ కాలంలో మనమంతా చూసిన యాంటిజెన్ పట్టీల్లో చాలావాటిలో కనిపించే ఎర్ర గీత ఆ బంగారమే. ఒక్కో రేణువు మీద యాంటీబాడీలు అతికించి ఉంటాయి. పట్టీలో ద్రవం పాకుతూ పోతుంటే రేణువులు దారిలో ప్రొటీన్‌ను పట్టుకుని, గీత ఉన్నచోట ఆగి గుమిగూడతాయి. ఒక్క రేణువు కంటికి కనపడదు, లక్షలు ఒకచోట చేరితే గీత తేలుతుంది. కరెంటు అక్కర్లేని, కంటితో చదవగల ఈ పట్టీ లోకంలో అన్నిటికన్నా ఎక్కువమంది చేతికందిన ఆప్టికల్ బయోసెన్సర్.

చిగుళ్లు తుడిస్తే హెచ్‌ఐవీ కబురు

ఆ ఎర్ర గీత నోటికీ వచ్చింది. ఓరాక్విక్ అనే పరీక్షకు 2004లో నోటి ద్రవంతో హెచ్‌ఐవీ చూసేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. 2012లో ఎవరికి వారు ఇంట్లోనే చేసుకునేందుకూ ఒప్పుకుంది. పైచిగురు, కింది చిగురు ఒక్కసారి తుడిచి ఆ పుల్లను ద్రవంలో ముంచితే 20 నిమిషాల్లో ఫలితం. ఇది వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. యాంటీబాడీ కూడా ప్రొటీనే కదా! గీత వస్తే రక్తపరీక్షతో రూఢి చేసుకోవాల్సిందే. అయినా నలుగురి కళ్లకు వెరచి ఆసుపత్రి గడప తొక్కలేని మనిషికి ఆ పుల్ల ఎంత ధైర్యమో!

బంగారు పొర మీద పడే నీడ

1902లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ సన్నని గీతలు చెక్కిన లోహ ఫలకం మీద వెలుగు వేసి చూస్తే, కొన్ని రంగుల దగ్గర వింత నల్లచారలు కనిపించాయి. కారణం అంతుపట్టలేదు. లోహం ఉపరితలంలోని ఎలక్ట్రాన్లు వెలుగుతో కలిసి అలల్లా ఊగుతాయనీ, ఆ ఊపు కోసం వెలుగును మింగేస్తాయనీ తర్వాత తేలింది. 1968లో జర్మనీలో ఆండ్రియాస్ ఒట్టో ఒక పక్క, ఎర్విన్ క్రెష్‌మన్, హైన్జ్ రాథర్ ఇంకో పక్క గాజు పట్టకం సాయంతో ఆ ఊపును కావలసినప్పుడు పుట్టించే పద్ధతులు చూపించారు.

దాదాపు 50 నానోమీటర్ల బంగారు పొరకు అడుగు నుంచి వెలుగు కొడితే, ఒకానొక కోణంలో తిరిగొచ్చే వెలుగు చప్పున తగ్గిపోతుంది. పొర పైన ప్రొటీన్ వచ్చి అతుక్కుంటే ఆ కోణం జరుగుతుంది. జరిగిన దూరమే ప్రొటీన్ లెక్క. ఈ ఒడుపును జీవపదార్థాల పరీక్షకు వాడవచ్చని 1983లో స్వీడన్‌లోని లింకోపింగ్‌లో చూపించారు. 1990లో అదే దేశం నుంచి బియాకోర్ అనే యంత్రం బజారులోకి వచ్చింది. రంగు పూయనక్కర్లేదు, ఏ చిట్టీ తగిలించనక్కర్లేదు. అతుక్కుంటున్న ప్రొటీన్‌ను అతుక్కుంటుండగానే చూడవచ్చు.

సబ్బు బుడగ లెక్క

సబ్బు బుడగ మీద రంగులు ఎందుకు తిరుగుతాయి? పొర పై నుంచి తిరిగొచ్చిన వెలుగు, లోపలి నుంచి తిరిగొచ్చిన వెలుగు కలుసుకుని కొన్ని రంగులను పెంచుతాయి, కొన్నిటిని చెరిపేస్తాయి. పొర మందం మారితే రంగు మారుతుంది. 1930ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కేథరిన్ బ్లాజెట్ అణువు మందపు పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి, రంగును బట్టి మందం కొలిచే కొలబద్ద తయారుచేసింది. ప్రొటీన్ వచ్చి కూర్చుంటే పొర కొంచెం మందమవుతుంది. రంగు కొంచెం జరుగుతుంది. అదే సూత్రంతో సన్నని రంధ్రాలున్న సిలికాన్ మీద పనిచేసే బయోసెన్సర్‌ను 1997లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు.

గుసగుసల గోడ, గాజు పూస

లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటంలో గోడవార గుసగుసగా మాట్లాడితే అవతలి వైపు గోడ దగ్గర నిలబడ్డవారికి వినిపిస్తుంది. శబ్దం గుండ్రని గోడను కరుచుకుని చుట్టూ తిరిగి వస్తుంది. 1921లో ఇంగ్లండు వెళ్లిన సి.వి.రామన్ ఆ గుమ్మటంలో పరిశీలనలు చేశాడు. బీజాపూర్ గోల్‌గుంబజ్ గుసగుసల మీదా పరిశోధించాడు.

శబ్దం తిరిగినట్టే వెలుగు కూడా తిరుగుతుంది. మిల్లీమీటరు కన్నా చిన్న గాజు పూసలోకి లేజరును పంపితే అది అంచును కరుచుకుని వేల చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ అంచు మీద అతుక్కున్న ప్రొటీన్‌ను తాకుతూ పోతుంది. ఒక్కసారి తాకితే తెలియని మార్పు వేలసార్లు తాకితే తెలుస్తుంది. 2002లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ వోల్మర్, స్టీఫెన్ ఆర్నాల్డ్ బృందం ఈ పద్ధతిలో ప్రొటీన్‌ను గుర్తించి చూపింది.

విశాఖ బడిపిల్లాడి వెలుగు

అదే 1921 ప్రయాణంలో తిరిగి వస్తూ ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఆ రంగు ఎక్కడిదని రామన్ తర్కించుకోవడం మొదలుపెట్టాడు. 1928 ఫిబ్రవరి 28న తేలిన రామన్ ఫలితానికి బీజం ఆ సముద్రంలో ఉంది. అంతకుముందే మరో సముద్రం ఆయనకు పరిచయం. తండ్రి విశాఖపట్నంలో కళాశాల అధ్యాపకుడు కావడంతో రామన్ బడిచదువు విశాఖలోనే సాగింది. 11వ ఏట మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు.

పదార్థం మీద పడి చెదిరిన వెలుగులో అతి కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలా. ఇబ్బందల్లా అది మరీ బలహీనం కావడమే. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో గరుకు చేసిన వెండి మీద అణువులను ఉంచితే ఆ ముద్ర ఎన్నో రెట్లు బలంగా వచ్చింది. నేడు బంగారం, వెండి నానోరేణువులతో ఉమ్మిలోని ప్రొటీన్ల వెంట పడుతున్న ఎన్నో ప్రయోగశాలల చేతిలోని ఆయుధం ఇదే.

వంచితే పెరిగే చూపు

వెలుగును దారంలా నడిపించవచ్చని లోకానికి చాటినవారిలో పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ముఖ్యుడు. ఫైబర్ అనే ఆ సన్నని గాజు దారంలోంచి వెలుగు సాధారణంగా బయటికి రాదు. ‘యూ’ ఆకారంలో వంచితే వంపు దగ్గర గాజు అంచుకు అవతల కూడా కొంత తొంగిచూస్తుంది. అక్కడ బంగారు రేణువులు, యాంటీబాడీలు అంటిస్తే ఆ తొంగిచూపుకు ప్రొటీన్ చిక్కుతుంది. ఈ వంపు ఫైబర్ సెన్సర్ మీద ఐఐటీ బొంబాయి శాస్త్రవేత్తలు 2009లో పరిశోధన ప్రచురించారు. అదే ఏడాది అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాల్ట్ బృందం, ఫైబర్ చివర సూక్ష్మ పూసలు అమర్చి ఉమ్మిలోని పలు రకాల వాపు ప్రొటీన్లను ఒకేసారి కొలిచింది.

1.8 కోట్లా, 5.2 కోట్లా?

ఇంటర్‌ల్యూకిన్-8 అనేది చిన్న ప్రొటీన్. దెబ్బ తగిలినచోటికి, వాపు వచ్చినచోటికి తెల్లరక్తకణాలను కేకేసి పిలుస్తుంది. నోటి కేన్సర్ రోగుల ఉమ్మిలో ఇది పెరుగుతుందని అమెరికాలోని యూసీఎల్‌ఏలో డేవిడ్ వాంగ్ బృందం గమనించింది. 2005లో వారు చెప్పిన లెక్క ఇది: ఆరోగ్యవంతుల్లో 30 పికోమోలార్, రోగుల్లో 86 పికోమోలార్. మామూలు మాటల్లో చెబితే, మిల్లీలీటరులో వెయ్యో వంతు ఉమ్మిలో ఆరోగ్యవంతులకు దాదాపు 1.8 కోట్ల అణువులు, రోగులకు దాదాపు 5.2 కోట్లు. కోట్లంటే ఎక్కువనిపిస్తుంది. కానీ ఆ అర చుక్కైనా కాని తడిలో నీటి అణువులే మూడు లక్షల కోట్ల కోట్లకు పైగా ఉంటాయి. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే మరో ప్రొటీన్ మొత్తం బరువు దీనికి లక్షల రెట్లు. తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లను వెతికినట్టే.

నీళ్లలో 2.5, ఉమ్మిలో 184

ఆ బృందమే బంగారు పొర పరికరంతో ఈ ప్రొటీన్‌ను పట్టే ప్రయత్నం చేసింది. శుభ్రమైన లవణజలంలో 2.5 పికోమోలార్ దాకా గుర్తించగలిగింది. అదే పరికరం ఉమ్మిలోకి దిగేసరికి 184 దగ్గర ఆగిపోయింది. చూపు 70 రెట్లకు పైగా మందగించింది. రోగి ఉమ్మిలో ఉండేది 86 కదా! అంటే నీళ్లలో సులువుగా కనిపించేది ఉమ్మిలో కనుమరుగైంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు మరవకూడని అంకెలు ఇవి. ప్రయోగశాల నీళ్లలో సాధించిన గెలుపు మనిషి నోటి దగ్గర మళ్లీ మొదటి నుంచి సాధించుకోవాలి.

పన్ను మీద పొర, పరికరం మీద పొర

ఎందుకంత తేడా? ఉమ్మి జిగట. మ్యూసిన్లనే పొడుగాటి ప్రొటీన్లు దానికి ఆ సాగుడు గుణం ఇస్తాయి. పళ్లు తోముకున్న నిమిషాల్లోనే లాలాజల ప్రొటీన్లు పన్ను మీద పలచని పొర కట్టి కాపాడతాయి. నోటికి అది వరం. బయోసెన్సర్‌కు అదే శాపం. బంగారమైనా గాజైనా పిలవని ప్రొటీన్లన్నీ వచ్చి పరుచుకుంటాయి. వెలుగుకు పిలిచిందెవరో, పిలవనిదెవరో తెలియదు. అందుకే ఉపరితలం మీద ముందుగా నీటిని ఇష్టపడే అణువుల పచ్చిక లాంటిది పెంచుతారు. పిలవనివి దాని మీద నిలవలేక జారిపోతాయి. 2005 ప్రయోగంలోనూ ఉమ్మిలో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసు రకం పదార్థం కలిపి ఈ అతుకుడును తగ్గించారు.

2,400 అణువులు చాలు

2008లో యూసీఎల్‌ఏలో చిమింగ్ హో, డేవిడ్ వాంగ్ బృందం మరో దారి పట్టింది. మెరిసే రంగుపదార్థం తగిలించి, ఉపరితలానికి ఆనుకున్న పలచని పొరలోంచి వచ్చే మెరుపును మాత్రమే చూసే కన్‌ఫోకల్ కటకాలు వాడింది. సన్నని రంధ్రం పెట్టి, మిగతా చోట్ల నుంచి వచ్చే వెలుగును ఆపేస్తుంది ఆ ఏర్పాటు. మామూలు కటకాలతో 1.1 పికోమోలార్ వరకు వెళ్లిన చూపు, లవణజలంలో 4 ఫెమ్టోమోలార్ దాకా చేరింది (పికోలో వెయ్యో వంతు ఫెమ్టో). అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతులో దాదాపు 2,400 అణువులు! ఆ తర్వాత 40 మంది ఉమ్మి తీసుకున్నారు. సగంమంది నోటి కేన్సర్ రోగులు, సగంమంది ఆ జబ్బు లేనివారు. పరికరం చెప్పిన అంకెలను ఆసుపత్రుల్లో నమ్మకంగా వాడే ఎలైసా పరీక్ష అంకెలతో పోల్చి సరిచూసుకున్నారు.

ఒక్క సాక్షి చాలడు

మరి ఇంకేం, పరీక్ష సిద్ధమైనట్టేనా? ఇంటర్‌ల్యూకిన్-8 వాపు ఉన్నచోటికల్లా వస్తుందని చెప్పుకున్నాం. చిగుళ్ల జబ్బున్నా వస్తుంది. కాబట్టి అది పెరిగినంత మాత్రాన కేన్సర్ అనేస్తే మళ్లీ తండుల దివ్యమే. అందుకే పరిశోధకులు నాలుగైదు ప్రొటీన్లను కలిపి చూస్తున్నారు. ఒక్కో సాక్షి మాట విడిగా తేలిక, అందరి మాటా ఒక్కటైతే బరువు.

గుండెపోటు, చిగుళ్లు, ఒత్తిడి

అమెరికాలో జాన్ మెక్‌డెవిట్ బృందం సిలికాన్ గుంటల్లో చిన్న పూసలు కూర్చి, మెరుపును కెమెరాతో చదివే చిప్‌ను తయారుచేసింది. 2009లో గుండెపోటు రోగుల ఉమ్మిని దాంతో చూశారు. సి-రియాక్టివ్ ప్రొటీన్, మయోగ్లోబిన్ వంటివాటి లెక్కను ఈసీజీతో కలిపితే, ఈసీజీ ఒక్కదానికన్నా నమ్మకంగా రోగం తెలిసింది.

పంటిని ఎముకకు పట్టి ఉంచే కొల్లాజెన్‌ను కొరికేసే ఎంఎంపీ-8 అనే ప్రొటీన్‌ను ఐరోపాలో పుక్కిలించిన నీళ్లతో పట్టీ మీద చూస్తున్నారు. పన్ను కదలకముందే హెచ్చరిక అందుతుంది. జపాన్‌లో నిప్రో సంస్థ అరచేతిలో పట్టే పరికరం అమ్మింది. నాలుక కింద తడిపిన పట్టీ రంగును చదివి, ఒత్తిడిలో పెరిగే అమైలేజ్ జోరును నిమిషంలో చెప్పేది. అన్నాన్ని నమిలే కొద్దీ తియ్యగా అనిపించేలా చేసేదీ ఈ అమైలేజే.

దోమ ఉమ్మి, మనిషి ఉమ్మి

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలిస్తూ, అది దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి ఉమ్మితో పాటు కుట్టినచోట దిగుతుందని తేల్చాడు. 2019లో అదే మలేరియా కథ మనిషి ఉమ్మికి వచ్చింది. జ్వరం లేకుండా పరాన్నజీవిని మోస్తున్న ఆఫ్రికా పిల్లల ఉమ్మిలో పీఎస్ఎస్‌పీ17 అనే ప్రొటీన్ ఉందని రోయెల్ డింగ్లాసాన్ బృందం కనుక్కుని, దాన్ని పట్టే పట్టీని రూపొందించింది. జబ్బు తెచ్చేది ఉమ్మే, పట్టిచ్చేదీ ఉమ్మే.

ఎప్పుడు ఉమ్మాలి?

రాత్రి నోరు ఎండుతుంది, తిన్నాక ఊరుతుంది. వేళను బట్టి ప్రొటీన్ల చిక్కదనం మారిపోతుంది. అందుకే యూసీఎల్‌ఏ పరిశోధకులు పొద్దున 9, 10 గంటల మధ్యనే ఉమ్మి తీసుకునేవారు. అంతకు గంట ముందు నుంచి తిండి, నీళ్లు, పొగ, పళ్లు తోమడం ఏవీ ఉండకూడదు. తీసుకున్నది మంచులో పెట్టాలి, లేకపోతే ఉమ్మిలోని ఎంజైములే ఆ ప్రొటీన్లను అరిగించేస్తాయి. రేపు ఇంట్లో వాడే పరికరం రావాలంటే, ఈ నియమాలన్నీ పాటించలేని మామూలు మనిషి చేతిలోనూ అది నిజం చెప్పగలగాలి.

అడ్డపొగ నేల

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. అదే అడ్డపొగ. ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడి నేరుగా అంగిటికి తగులుతుంది. 1971లో డెన్మార్క్ దంతవైద్య నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్, భారతీయ సహచరులు 10,169 మంది ఆంధ్ర గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అంగిటి మీద వచ్చే మార్పులను బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో వివరించారు. నోటి కేన్సర్ గురించి ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో మన పల్లె తల్లుల నోళ్లు చెప్పినవీ ఉన్నాయి. ఆ తల్లుల మనవరాళ్ల దాకా ఉమ్మి పరీక్ష ఎప్పుడు చేరుతుందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. గుట్కా, ఖైనీ, జర్దా నమిలే నోళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త నోటి కేన్సర్లు బయటపడుతున్నాయి, చాలావరకు ముదిరాకే.

అన్నిటికన్నా పాత ఆప్టికల్ పరికరం

కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి కంటితో చూశారు, అంతే. 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పొగాకో, మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి కేన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. బంగారు పొర లేదు, లేజరు లేదు. వెలుగు, కన్ను, తెరిచిన నోరు.

ఉమ్మి చుక్కలో ప్రొటీన్‌ను వెతికే ప్రతి పరికరమూ ఆ కంటి చూపునే ఇంకాస్త లోతుకు, మచ్చ కూడా లేవకముందటి రోజుకు తీసుకెళ్లాలని ప్రయత్నిస్తోంది. అది మన ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రేపు పొద్దున వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర అద్దం పట్టుకుని నోరు తెరవండి. బుగ్గలు, చిగుళ్లు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి అన్నీ చూసుకోండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లండి. చుట్ట మానని నాయనమ్మ ఇంట్లో ఉంటే, ఆవిడనూ ఆ కిటికీ దగ్గరికి తీసుకురండి.